తడిసిన గింజలు కుప్ప పైనే ఉండాలి

మందమర్రి మార్కెట్‌లో ఆదివారం ఉదయం మాంసం దుకాణం ముందు నిలబడిన ముస్లిం గృహస్థుడు తప్పకుండా తెలుసుకునే విషయం ఒకటుంది. జిబహ్ ఎవరు చేశారు, అల్లాహ్ నామం ఉచ్చరించి చేశారా అన్నది. దుకాణదారు తెలిసినవాడైతే అడగనక్కరలేదు. తెలియనివాడైతే అడగకుండా ఎవరూ సంచి చాపరు. మంచిదే. అయితే అదే గృహస్థుడు నాలుగడుగులు వేసి కిరాణా దుకాణంలో విడి పసుపు, విడి కారం, విడి నూనె కొంటాడు. దారిలో పాలు తీసుకుంటాడు. పిల్లల కోసం ఎర్రగా మెరిసే మిఠాయి కట్టించుకుంటాడు. వీటిలో దేని గురించీ ఒక్క ప్రశ్న వేయడు. ఆ మాంసమే కోసి ఎన్ని గంటలయింది, ఎండలో ఎంతసేపు వేలాడింది అన్న ప్రశ్న కూడా మన నోట రాదు.

ఈ మాట మేము నిష్ఠూరానికి చెప్పడం లేదు. మమ్మల్ని మేము కూడా ఆ వరుసలోనే నిలబెట్టుకుంటున్నాము. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో ఆహారానికి రెండు గుణాలు ఉండాలని అల్లాహ్ ఆదేశించాడు. ఒకటి హలాల్, అంటే ధర్మసమ్మతం. రెండవది తయ్యిబ్, అంటే పరిశుద్ధం, మేలైనది. మొదటి గుణాన్ని కాపాడుకోవడానికి మన సమాజం ఎంతో శ్రద్ధ పెట్టింది. రెండవదాన్ని కంటి చూపుకూ, నాలుక రుచికీ వదిలేసింది. ఆ ఆయతు విశ్వాసులను మాత్రమే కాక మానవులందరినీ ఉద్దేశించి పలికినదన్న సంగతి కూడా గమనించదగినది. పక్కింటి హిందూ సోదరుడి వంటింట్లోని పసుపు గురించి కూడా మనకు బాధ్యత ఉన్నదన్నమాట.

కంటికీ నాలుకకూ అందని ప్రమాదం ఎలాంటిదో బొగ్గు గనుల ఊరి వారికి వేరే చెప్పనవసరం లేదు. మీథేన్ వాయువు కంటికి కనబడదు, దానికి వాసన ఉండదు. అందుకే సింగరేణి భూగర్భ గనుల్లో షిఫ్టు మొదలుకాక ముందే మైనింగ్ సర్దార్ పని స్థలాలను తనిఖీ చేసి, గ్యాస్ ఉన్నదీ లేనిదీ కొలిచి, ఫలితాన్ని రిజిస్టరులో రాసి సంతకం చేస్తాడు. తర్వాతి షిఫ్టు వారు ఆ రాతను చూసుకుంటారు. తన తండ్రి లేదా భర్త గనిలోకి దిగేటప్పుడు ఆ రిజిస్టరు ఉన్నదన్న ధైర్యం ప్రతి ఇంటికీ ఉంటుంది. కాని అదే కార్మికుడు సద్ది డబ్బాలో తీసుకువెళ్లే అన్నానికీ కూరకూ అలాంటి రిజిస్టరు ఎక్కడుంది? ఉన్నదే. ప్రభుత్వ కార్యాలయాల్లో, ప్రయోగశాలల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నది. మనం చూసుకోగలిగిన చోట మాత్రం లేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో మదీనా బజారులో జరిగిన ఒక సంఘటనను సహీహ్ ముస్లిం గ్రంథం నమోదు చేసింది. ఆయన ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగారు. వాన పడిందని అతడు చెప్పాడు. అలాగైతే జనం చూసేలా ఆ తడిసిన భాగాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు.

ఈ హదీసును మనం వర్తకుల నిజాయితీ గురించిన బోధగా వింటూ పెరిగాము. ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చదువుదాము. ప్రవక్త (స) మొదట చెయ్యి పెట్టి పరీక్షించారు, తర్వాత కారణం అడిగారు, ఆ తర్వాతే తీర్పు చెప్పారు. వాన పడినందుకు వర్తకుణ్ణి నిందించలేదు. తడిసిన ధాన్యాన్ని పారబోయమనలేదు. దాన్ని పైన పెట్టమన్నారు. తడి ఎంత, అది తనకు పనికివస్తుందా, ఎంత ధర ఇవ్వవచ్చు అన్న నిర్ణయం కొనేవాడిది. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని దాచే హక్కు అమ్మేవాడికి లేదు. ఆహార భద్రత గురించి నేడు ప్రపంచంలో శాస్త్రజ్ఞులు 'ఓపెన్ డేటా', అంటే బహిరంగ సమాచారం అని వ్యవహరిస్తున్న పద్ధతి సారాంశం ఇదే.

తడిసిన ధాన్యం చిన్న విషయం కాదని మన దక్కన్ ప్రాంతమే ఒకసారి రుజువు చేసింది. 1995లో అకాల వర్షాలకు జొన్న, మొక్కజొన్న పంటలు కోత సమయంలో తడిసి బూజు పట్టాయి. పేదలు ఆ గింజలనే రొట్టెలు చేసుకుని తిన్నారు. ఎన్నో గ్రామాల్లో కడుపునొప్పి, పొట్టలో గడగడలు, విరేచనాలు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఊళ్లకు వెళ్లారు. జబ్బుపడిన ఇళ్ల గింజలనూ, పడని ఇళ్ల గింజలనూ విడివిడిగా సేకరించి పోల్చారు. జబ్బుపడిన ఇళ్ల ధాన్యంలో ఫ్యూమోనిసిన్ అనే బూజు విషం ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఈ విషం వండినంత మాత్రాన పూర్తిగా నశించదు. ఆ పరిశోధన 1997లో ప్రచురితమై, ఇలాంటి విషాలకు హద్దులు నిర్ణయించే శాస్త్రజ్ఞులు చదవదగిన ఆధారమైంది. తడిసిన గింజలు కుప్ప పైకి వచ్చిన సందర్భమది.

ఇక్కడ 'ముప్పు అంచనా' అనే మాటను వివరించాలి. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. 2011 ఆగస్టు 5 నుండి పూర్తిగా అమలయింది. నియమాలు చేసేటప్పుడు ముప్పును శాస్త్రీయంగా అంచనా వేయాలని ఆ చట్టమే నిర్దేశిస్తోంది. అంచనాకు నాలుగు మెట్లున్నాయి. ఆహారంలో హాని చేసే పదార్థం ఏది? ఎంత మోతాదులో ఏ హాని చేస్తుంది? ఏ వయసువారి శరీరంలోకి అది రోజుకు ఎంత చేరుతోంది? ఈ మూడూ కలిపి చూస్తే ముప్పు ఎంత? వినడానికి సులువే. మూడవ మెట్టు దగ్గరే అంతా ఆగిపోతుంది.

ఉదాహరణకు గ్రాముకు 100 మైక్రోగ్రాముల సీసం కలిసిన పసుపు ఒక ఇంట్లో వాడుతున్నారనుకుందాము. 50 కిలోల తల్లి రోజుకు రెండు గ్రాములు తింటే 200 మైక్రోగ్రాములు. కిలో బరువుకు నాలుగు. 10 కిలోల బిడ్డ ఒక గ్రామే తిన్నా 100 మైక్రోగ్రాములు; కిలో బరువుకు పది. తల్లి తిన్నదానిలో సగమే తిన్న బిడ్డపై రెండున్నర రెట్ల భారం పడింది. పైగా ఎదుగుతున్న మెదడుకు సీసం చేసే హాని పెద్దవారికంటే ఎక్కువ. సీసానికి సురక్షితమైన మోతాదంటూ చెప్పలేమని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లోనే తేల్చి, అంతకు ముందున్న హద్దును ఉపసంహరించుకుంది. ఇప్పుడు ఈ చిన్న లెక్కకు ఏమేమి కావలసి వచ్చాయో చూడండి. పసుపులో సీసం ఎంత అన్నది ఒక ప్రయోగశాల దగ్గర ఉంటుంది. మన ఇళ్లలో పసుపు ఎంత తింటారన్నది ఆహార సర్వే చేసినవారి దగ్గర ఉంటుంది. పిల్లల బరువు అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటుంది. పిల్లవాడి రక్తంలో సీసం ఎంతో ఒక ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. నాలుగూ ఒకచోట చేరితే తప్ప ముప్పు అంచనా పుట్టదు. చేరడానికి ఒకే భాషలో రాసి ఉండాలి. ఒక కార్యాలయం పసుపు అని, మరొకటి హల్దీ అని, ఇంకొకటి మసాలా పొడి అని రాసుకుంటే కంప్యూటరు వాటిని మూడు వేర్వేరు పదార్థాలుగా లెక్కిస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఇందుకోసమే 'ఫుడెక్స్-2' అనే పేరుతో ప్రతి ఆహారానికీ ఒక సంకేతం కేటాయించింది.

మన దగ్గర ఈ పునాది లేకపోలేదు. జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో ఏర్పడిన పర్యవేక్షణ బ్యూరో పల్లె కుటుంబాలు ఏం తింటున్నాయో దశాబ్దాల పాటు ఇల్లిల్లూ తిరిగి నమోదు చేసింది. అదే సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను దేశానికి అందించింది. కాని ఆ బ్యూరో సర్వేలు గత దశాబ్దంలో నిలిచిపోయాయి. మన పిల్లలు ఇవాళ తింటున్న చిప్స్ ప్యాకెట్లు, నూడుల్స్, షావర్మాలు పాత సర్వేల కాలంలో మన పళ్లెంలో ఎక్కడున్నాయి?

ఇక మన పాఠకులకు బాగా పరిచయమైన ఒక విద్య దగ్గరికి వద్దాము. హదీసు శాస్త్రంలో రెండు భాగాలుంటాయి. మతన్ అంటే విషయం. ఇస్నాద్ అంటే ఆ విషయం ఎవరి నుండి ఎవరికి, ఏ వరుసలో చేరిందన్న గొలుసు. విషయం ఎంత అందంగా ఉన్నా గొలుసు తెగితే ఆ హదీసు జయీఫ్, అంటే బలహీనం. గొలుసులోని ప్రతి వ్యక్తి జ్ఞాపకశక్తినీ నిజాయితీనీ పరిశీలించి రాసిన గ్రంథాలు మన పూర్వ విద్వాంసులు సంపుటాలకు సంపుటాలు వదిలి వెళ్లారు. ఆహార సమాచార నిర్వహణలో నేడు 'మెటాడేటా' అని పిలుస్తున్నది ఇస్నాద్‌కు దగ్గరి బంధువే. 'పాలలో కల్తీ ఉంది' అన్నది మతన్. ఆ నమూనా ఎక్కడ, ఏ తేదీన, ఎవరు తీశారు, ప్రయోగశాలకు చేరేవరకు చల్లగా ఉంచారా, ఏ పద్ధతిలో పరీక్షించారు, ఆ యంత్రం ఎంత స్వల్ప పరిమాణం వరకు పసిగట్టగలదు, ఇదంతా ఇస్నాద్. యంత్రానికి 'కనబడలేదు' అన్నదానికీ, ఆహారంలో 'లేదు' అన్నదానికీ చాలా తేడా ఉంది. మరొక ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. ఆ నమూనాను అనుమానం వచ్చి తీశారా, లేక చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా తీశారా? అనుమానంతో పట్టుకున్న పదిలో ఆరు చెడ్డవైతే ఊరిలోని పాలలో అరవై శాతం చెడ్డవని అర్థం కాదు.

ఈ తేడా తెలియక మనం ఎంత కంగారు పడ్డామో గుర్తుచేసుకుందాము. 2011లో జరిగిన జాతీయ పాల సర్వేలో 1,791 నమూనాల్లో 68.4 శాతం ప్రమాణాలకు తగినట్లు లేవని తేలింది. నీళ్లు కలిసినవి, వెన్న శాతం తగ్గినవి కూడా ఆ లెక్కలోనివే. ఆ అంకెను మూడింట రెండు వంతుల పాలు విషమన్నట్లుగా చెప్పుకున్నారు. తర్వాత 2018లో దేశంలోని 1,103 పట్టణాల నుండి 6,432 నమూనాలు తీసి పరీక్షించారు. సుమారు 93 శాతం తాగడానికి సురక్షితమని, హానికరమైన కల్తీ కేవలం 12 నమూనాల్లో ఉన్నదని తేలింది. మనం సంతోషించడానికి మాత్రం వీలులేదు. ఆ పన్నెండింటిలో తొమ్మిది మన తెలంగాణవే. పైగా దేశమంతటా 5.7 శాతం నమూనాల్లో, అంటే 368 నమూనాల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మితిమీరి కనిపించింది. ఇది పాలలో ఎవరో కలిపినది కాదు. బూజు పట్టిన దాణా తిన్న పశువు ద్వారా వచ్చినది. మళ్లీ ఆ తడిసిన గింజల దగ్గరికే వచ్చాము. కల్తీ చేసేవాడి కోసం వెతుకుతూ కూర్చుంటే ఈ విషం ఎప్పటికీ దొరకదు. అంకెలను విడదీసి చూపినప్పుడే దొరుకుతుంది.

ఇదే కాలంలో మన ఫోన్లలో మరొక సందేశం తిరిగింది. కల్తీ పాల వల్ల 2025 నాటికి 87 శాతం భారతీయులు క్యాన్సర్ బారిన పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిందట. అలాంటి హెచ్చరిక ఆ సంస్థ ఎన్నడూ జారీ చేయలేదు. గొలుసే లేని మాట అది. వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోమన్న అల్ హుజురాత్ సూరా 6వ ఆయతును ప్రసంగాల్లో వినే మనమే దాన్ని పది గ్రూపులకు పంపించాము.

గొలుసు బలహీనమైతే నిజమైన ప్రశ్న కూడా ఎలా వీగిపోతుందో మ్యాగీ వివాదం చూపింది. సీసం ఎక్కువగా ఉన్నదని 2015 జూన్ 5న దేశమంతటా ఆ నూడుల్స్‌ను ఉపసంహరించమని ఆదేశించారు. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. పరీక్షలు చేసిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేకపోవడం, కంపెనీ వాదన వినకపోవడం అందుకు కారణాలు. మొహాలీ, జైపూర్, హైదరాబాద్‌లలోని గుర్తింపు పొందిన మూడు ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్షించగా సీసం హద్దు లోపలే ఉన్నదని వచ్చింది. మొదటి ఫలితం తప్పా, రెండవది ఒప్పా అన్న తర్కంలోకి మేము వెళ్లడం లేదు. ఏ నమూనా, ఏ పద్ధతి, ఏ ప్రయోగశాల అన్న వివరాలు మొదటి రోజు నుండే అందరి ముందూ ఉంటే కోట్లాది తల్లులు రెండు నెలలు అయోమయంలో గడిపేవారు కారు.

అంతకంటే బాధాకరమైనది ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారంలో ఆ పట్టణంలోని వన్‌టౌన్ ప్రాంతంలో పిల్లలు, పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోసాగారు. వందలాది మంది ఆసుపత్రికి చేరారు. నీళ్లా, కూరగాయలా, పాలా, గాలా? ఎవరికీ తెలియలేదు. ఢిల్లీ ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, మరికొన్ని పెద్ద సంస్థలు రంగంలోకి దిగాయి. ఒకరికి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. మరొకరికి క్రిమిసంహారక మందుల అవశేషాలు కనిపించాయి. చివరికి క్రిమిసంహారకాల వైపే వేలు చూపారు. అందరూ సమర్థులే. కాని అంతకు ముందు నెలలో, అంతకు ముందు సంవత్సరంలో ఏలూరు కూరగాయల్లో ఏ మందు ఎంత ఉండేదో చూపే పాత పట్టిక ఒకటి అందరికీ అందుబాటులో ఉంటే, ఈ వారం కొత్తగా పెరిగినదేమిటో మొదటి రోజే పోల్చుకోవచ్చు. ఆపద వచ్చాక తీసే నమూనా ఎంత విలువైనదో, ఏ ఆపదా లేని రోజుల్లో తీసి దాచిన నమూనా అంతకంటే విలువైనది. సర్దార్ రిజిస్టరులో 'గ్యాస్ లేదు' అన్న వందల రాతలు ఉన్నందువల్లే 'ఉంది' అన్న ఒక్క రాత ప్రాణాలు కాపాడుతుంది.

నిరాశ పడనక్కరలేదు. మన ఉపఖండంలోనే ఒక ముస్లిం దేశం ఈ పని చేసి చూపించింది. బంగ్లాదేశ్ గ్రామాల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉండడానికి కారణం వెతుకుతూ పరిశోధకులు చివరికి పసుపు దగ్గరికి చేరారు. పసుపు కొమ్ములు మెరవడానికి మరల్లో లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు పూస్తున్నారు. 2019లో ఆ అధ్యయనాలు ప్రచురితమయ్యాయి. ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ వాటిని దాచలేదు, ఖండించలేదు. పత్రికల్లో, బజారుల్లో హెచ్చరికలు వేయించింది; టోకు మార్కెట్‌లో అక్కడికక్కడే పరీక్షించే యంత్రంతో తనిఖీ చేసి జరిమానాలు విధించింది. మార్కెట్ నమూనాల్లో సీసం కనిపించినవి 2019లో 47 శాతం, 2021లో సున్నా. మరల్లో పనిచేసే కూలీల రక్తంలోని సీసం కూడా తగ్గింది. పెద్ద కర్మాగారాలు కట్టలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. కుప్ప లోపల ఉన్నది పైకి తెచ్చారు, అంతే.

మన మెట్‌పల్లి, జగిత్యాల, నిజామాబాద్ రైతులు పండించే పసుపుకు దేశమంతటా పేరుంది. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డుకు నిజామాబాదే కేంద్రం. ఇంత పసుపు పండే నేల మీద, కొమ్ము పొలం నుండి మర మీదుగా పొట్లంలోకి చేరే దారిలో ఏ మెట్టు దగ్గర ఏ పరీక్ష జరిగిందో ఎవరైనా చూడగలిగే పట్టిక ఉండడం గౌరవమే కాదు, లాభం కూడా. మన నువ్వుల సంగతి చూడండి. 2020లో భారతదేశపు నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలున్నట్లు బెల్జియం గుర్తించగానే ఆ సమాచారం ఐరోపా అంతటా బహిరంగమైంది. అక్కడ 1979 నుండే ఇలాంటి హెచ్చరికల వ్యవస్థ ఉంది. 2024 ఏప్రిల్ 5న హాంకాంగ్ మన దేశపు రెండు ప్రసిద్ధ మసాలా కంపెనీల పొడుల గురించి పేర్లతో సహా ప్రకటించింది. మన మసాలాల గురించి ముందుగా హాంకాంగ్ ప్రజలకు తెలిసి, తర్వాత మనకు తెలియడం కొంచెం సిగ్గుపడవలసిన విషయమే.

సమాచారం బహిరంగం కావాలంటే ఒక భయం కూడా కలుగుతుంది. పేదవాడి బండి మీద నింద పడదా? పడుతుంది. దాన్ని మన సమాజం స్వయంగా అనుభవించింది. 2020లో కరోనా మొదటి నెలల్లో ముస్లిం పండ్ల వ్యాపారులు ఉమ్మి వేసి అమ్ముతున్నారన్న పుకార్లు దేశమంతటా తిరిగాయి. ఎందరి జీవనోపాధో దెబ్బతిన్నది. 2024లో ఉత్తరప్రదేశ్‌లో యాత్రామార్గంలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ రకమైన ఆహారం అమ్ముతున్నారో తెలియజేయమనవచ్చు కాని పేర్లు రాయమని బలవంతపెట్టరాదన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారాంశం. మేము చెప్పదలచుకున్న గీత సరిగ్గా అక్కడే ఉంది. పైకి రావలసినది గింజ తడి, వర్తకుడి మతం కాదు. నమూనా ఫలితం, తేదీ, లైసెన్సు, సరిదిద్దుకున్నాక జరిగిన రెండవ పరీక్ష ఫలితం బహిరంగం కావాలి. రోగి పేరు, ఇంటి చిరునామా కారాదు. అనుమానాలకూ కూపీలకూ దూరంగా ఉండమన్న అల్ హుజురాత్ 12వ ఆయతు ఇక్కడ మనకు హద్దు గీస్తోంది. నిజాయితీగల మన బిర్యానీ దుకాణదారుకు పుకారు నుండి రక్షణ దొరికేది కూడా గోడకు తగిలించిన పరీక్షా ఫలితంలోనే.

ఇస్లామీయ నగరాల్లో ఈ పనికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) మదీనా బజారు వ్యవహారాల్లో కొంత బాధ్యతను షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళకు అప్పగించారని చరిత్రకారులు పేర్కొన్నారు. పన్నెండవ శతాబ్దంలో సిరియా ప్రాంతానికి చెందిన షైజరీ రాసిన ముహ్తసిబ్ కరదీపికలో రొట్టెలవారికి, కసాయిలకు, మిఠాయివారికి వేర్వేరు అధ్యాయాలున్నాయి. ఎవరు ఏ కల్తీ ఎలా చేస్తారో, దాన్ని ఎలా పట్టుకోవాలో వివరాలున్నాయి. ఆ జాబితాను మన వంటగదిలో పెట్టుకుంటే ఇవాళ కూడా సగం పనికివస్తుంది.

మందమర్రికి దగ్గరలోనే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన వాంకిడిలో 2024 అక్టోబరు చివర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో అరవై మందికి పైగా విద్యార్థినులు అస్వస్థులయ్యారు. వారిలో ఒక బాలిక నవంబరు 25న హైదరాబాద్ నిమ్స్‌లో మరణించింది. ఆ నెలాఖరులో ప్రభుత్వం ప్రతి విద్యాసంస్థలోనూ ఆహార భద్రతా కమిటీ ఉండాలని, వడ్డించే ముందు రుచి చూడాలని ఆదేశించింది. మంచి ఆదేశమే. కాని రుచి చూసినంత మాత్రాన సూక్ష్మజీవులు నాలుకకు చెప్పవు. ఏ పూట ఏం వండారు, సరుకు ఎక్కడి నుండి వచ్చింది, ఎప్పుడు దింపారు, ఎప్పుడు వడ్డించారు, ఎందరికి వాంతులయ్యాయి అన్న రాత ఉంటే తర్వాతి పాఠశాలలో మరో బిడ్డ బతుకుతుంది. అప్పు వ్యవహారానికే రాతనూ సాక్షులనూ విధించిన ధర్మం మనది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, అల్ బఖరా 282, ఆ రాత గురించే ఉంది.

చట్టం మనకు ఇచ్చినవి తక్కువేమీ కావు. కొనుగోలుదారు తాను కొన్న పదార్థాన్ని రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుడి చేత పరీక్షింపజేసుకోవచ్చునని 2006 చట్టం 40వ సెక్షను చెబుతోంది. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే దుకాణదారుకు తెలియజేయాలి. లోపం తేలితే రుసుము వాపసు వస్తుంది. ఫిర్యాదుకు 1800112100 నంబరు ఉంది. అడగకుండానే సమాచారం ప్రకటించవలసిన బాధ్యతను 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రభుత్వ కార్యాలయాలపై ఉంచింది. తెలంగాణకు 2016 నుండే బహిరంగ సమాచార విధానం ఉంది. 2024లో రాష్ట్ర ఆహార భద్రతా బృందాలు హైదరాబాద్ హోటళ్ల తనిఖీ వివరాలను సామాజిక మాధ్యమంలో పేర్లతో ప్రకటించినప్పుడు ఎంత కదలిక వచ్చిందో అందరూ చూశారు. అయితే ఫోటోలతో కూడిన ప్రకటన వేరు, వెతికితే దొరికే పట్టిక వేరు. బాగున్న హోటళ్ల ఫలితాలూ, మంచిర్యాల జిల్లాలోని చిన్న పట్టణాల ఫలితాలూ ఒకే పట్టికలో నెలనెలా చేరాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్న నాచారం మనకు దాదాపు 250 కిలోమీటర్లు. విశ్లేషకుడు పద్నాలుగు రోజుల్లో నివేదిక ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ నివేదిక తిరిగి మన ఊరి గోడ మీదికి వచ్చే దారే ఇంకా వేయవలసి ఉంది.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి కొన్ని. గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచితే మంచి పసుపు లేత రంగు వదులుతూ అడుగుకు చేరుతుంది. రంగు కలిపినదైతే నీళ్లు చిక్కటి పచ్చగా మారతాయి. ఇది అనుమానానికే గాని తీర్పుకు చాలదు. పొట్లం మీది పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్యను, తయారీ తేదీని ఫోటో తీసి ఉంచుకోవచ్చు. ఇంట్లో ఇద్దరికి ఒకే రోజు వాంతులైతే వైద్యుడికి ముందు రోజు తిన్న వాటి జాబితా చెప్పి, ఆ వివరం చీటీలో రాయమని అడగవచ్చు.

మరొక సూచన మన వలీమాల గురించి. వందలాది మందికి బగారా, మాంసం కూర, డబల్ కా మీఠా వండే దేగ్‌ల పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాలని మేము మసీదు కమిటీల ముందు ఉంచుతున్నాము. మాంసం ఎప్పుడు వచ్చింది, దేగ్ ఎప్పుడు దించారు, చివరి పంక్తి ఎప్పుడు లేచింది అన్న మూడు వేళలు చాలు. వేడి ఆహారం 60 డిగ్రీల పైన, చల్లనిది ఐదు డిగ్రీల లోపల ఉంటే సూక్ష్మజీవులకు అదను దొరకదు. మధ్యలో గడిచిన గంటలే లెక్కకు వస్తాయి. మర్నాడు ఎవరికైనా కడుపులో బాగాలేకపోతే పేరు లేకుండా సంఖ్య మాత్రం అందులో చేర్చాలి. ఎవరికీ ఏమీ కాకపోతే 'సున్నా' అని తప్పక రాయాలి. నెలకొకసారి ఆ పేజీని మసీదు గోడ మీద నమాజు వేళల పట్టిక పక్కన అంటించడానికి చోటుంది.